పెద్ద ఫార్మాట్ ఛాయాగ్రహణంలో కటకాల ఎంపిక: కట్టడాల నమోదుకు ప్రతిబింబ వృత్తమే ప్రమాణం

వ్యాస సంగ్రహం:
ఆలయాలు, శాసనాలు, తామ్రపత్రాల వంటి పరిశోధన సామగ్రిని ఛాయాచిత్రాలుగా నమోదు చేయడంలో పెద్ద ఫార్మాట్ కెమెరాకు ప్రత్యేక స్థానం ఉంది. ఈ కెమెరాకు కటకాన్ని ఎంచుకునేటప్పుడు సాధారణంగా నాభ్యంతరాన్ని, గరిష్ఠ అపర్చర్‌ను మాత్రమే చూస్తారు. కట్టడాల నమోదులో నిర్ణాయకమైనది కటకం ఏర్పరచే ప్రతిబింబ వృత్తం అని ఈ వ్యాసం లెక్కలతో నిరూపిస్తుంది. ఆ వృత్తాన్ని ఆధారం చేసుకొని కటక నిర్మాణ రకాలు, టిల్ట్, ఎక్స్‌పోజర్ సవరణలు, పాత పరికరాల పరీక్ష, క్షేత్ర నమోదు పద్ధతులను వివరిస్తుంది.

కీలక పదాలు: పెద్ద ఫార్మాట్, కటకం, నాభ్యంతరం, ప్రతిబింబ వృత్తం, రైజ్, టిల్ట్, బెలోస్, గోపురం, శాసనం.

1. ఉపోద్ఘాతం:
శ్రీకాళహస్తిలో 1516లో శ్రీకృష్ణదేవరాయలు నిర్మింపజేసిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. అటువంటి కట్టడం నేలమట్టమైన తరువాత దాని అంతస్తుల నిష్పత్తులను, శిల్పాల అమరికను తెలుసుకోవడానికి మిగిలే ఆధారాలలో ఛాయాచిత్రాలు ముఖ్యమైనవి. అయితే ప్రతి ఛాయాచిత్రమూ ఆధారం కాజాలదు. కెమెరాను పైకి ఎత్తి తీసిన చిత్రంలో గోపురపు నిలువు గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. గోపురం సహజంగానే పైకి సన్నబడే నిర్మాణం. కాబట్టి చిత్రంలో కనిపించే సన్నదనంలో శిల్పి కల్పించినది ఎంత, కెమెరా కల్పించినది ఎంత అన్నది విడదీయడం కష్టమవుతుంది.

సాఫ్ట్‌వేర్ సాయంతో ఈ గీతలను తరువాత సరిచేయవచ్చు. కాని ఆ పద్ధతిలో చిత్రపు పైభాగాన్ని సాగదీయవలసి వస్తుంది. శిల్పాలు చిన్నవిగా, దూరంగా ఉన్న ఆ భాగంలోనే సూక్ష్మ వివరం పలచబడుతుంది. ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న అసలు నిష్పత్తిని తిరిగి రాబట్టాలంటే వేరే కొలతలు అవసరమవుతాయి. పెద్ద ఫార్మాట్ కెమెరా ఈ దోషాన్ని చిత్రం తీసే క్షణంలోనే నివారిస్తుంది. అందుకు తగిన కటకం ఉండాలి.

2. పెద్ద ఫార్మాట్ స్వరూపం:
4×5 అంగుళాలు, అంతకు మించిన పరిమాణం గల ఫిల్మును లేదా గాజు ఫలకాన్ని ఒక్కొక్కటిగా వాడే కెమెరాలను పెద్ద ఫార్మాట్ కెమెరాలు అంటారు. 4×5 ఫిల్ముపై చిత్రం పడే వైశాల్యం సుమారు 95×120 మి.మీ., దాని కర్ణం 153 మి.మీ. 35 మి.మీ. ఫిల్ముపై చిత్రం 24×36 మి.మీ., కర్ణం 43.3 మి.మీ. మాత్రమే. వైశాల్యంలో మొదటిది రెండవదానికి 13 రెట్లు. ఒకే పరిమాణపు ముద్రకు 4×5 నెగటివ్‌ను చాలా తక్కువగా పెంచితే సరిపోతుంది. శాసనాక్షరాల అంచులు నిలిచేది అందువల్లనే.

ఈ కెమెరా నిర్మాణం సరళమైనది. ముందు చట్రంలో కటకం, వెనుక చట్రంలో గ్రౌండ్ గ్లాస్, రెండింటి నడుమ ముడుచుకునే తోలు లేదా బట్ట బెలోస్ ఉంటాయి. గ్రౌండ్ గ్లాస్‌పై ప్రతిబింబం తలకిందులుగా కనిపిస్తుంది. ఫోకస్ కుదిరాక దాని స్థానంలో ఫిల్ము హోల్డర్‌ను దూర్చి చిత్రం తీస్తారు. రెండు చట్రాలూ విడివిడిగా కదలడం దీని ప్రత్యేకత. కటకాన్ని పైకి జరపడం రైజ్, కిందికి జరపడం ఫాల్, పక్కకు జరపడం షిఫ్ట్, ముందుకో వెనుకకో వంచడం టిల్ట్, నిలువు అక్షంపై తిప్పడం స్వింగ్.

తెలుగు నేలకు ఈ పరికరంతో పాత పరిచయమే ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరణ పొందిన రాజా దీన్ దయాళ్ (1844–1905) రూర్కీ థామసన్ కళాశాలలో చదివి, ఇండోర్ ప్రజా పనుల శాఖలో పనిచేసి, తరువాత సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆనాటి చిత్రాలలో కట్టడాల నిలువు గీతలు నిటారుగా ఉన్నాయంటే అది యాదృచ్ఛికం కాదు. ఫలకాన్ని నేలకు లంబంగా నిలిపి పనిచేసే అలవాటు దాని వెనుక ఉంది.

3. నాభ్యంతరం, ప్రతిబింబ వృత్తం:
నాభ్యంతరం చిత్రంలో వస్తువు ఎంత పెద్దదిగా కనిపించాలో నిర్ణయిస్తుంది. ఫిల్ము కర్ణానికి దగ్గరగా ఉన్న నాభ్యంతరాన్ని సాధారణ నాభ్యంతరంగా పరిగణిస్తారు. ఆ లెక్కన 4×5కు 150 మి.మీ., 8×10కు 300 మి.మీ. సాధారణ కటకాలు. 4×5పై 90 మి.మీ. విశాల కోణ కటకం అవుతుంది.

కటకం వెనుక ఏర్పడే ప్రతిబింబం దీర్ఘచతురస్రం కాదు, గుండ్రనిది. కేంద్రంలో స్పష్టంగా, కాంతిమంతంగా ఉండి అంచులకు పోయేకొద్దీ క్షీణిస్తుంది. ఆమోదయోగ్యమైన స్పష్టత ఉన్నంత మేరకు గీసిన వృత్తమే ప్రతిబింబ వృత్తం. తయారీదారులు దాని వ్యాసాన్ని అనంత దూరపు ఫోకస్‌కు, సాధారణంగా ఎఫ్/22 వద్ద పేర్కొంటారు. 35 మి.మీ. కెమెరాకు చేసిన మామూలు కటకంలో ఈ వృత్తం ఫిల్మును కప్పితే చాలు. పెద్ద ఫార్మాట్‌లో ఫిల్ము ఆ వృత్తం లోపల అటూ ఇటూ జరుగుతుంది. కనుక వృత్తం ఫిల్ము కర్ణం కంటె పెద్దదిగా ఉండాలి. ఎంత పెద్దదిగా ఉంటే కదలికకు అంత వీలు.

ఒకే నాభ్యంతరం గల కటకాల నడుమ ఈ విషయంలో గణనీయమైన భేదం ఉంది. 150 మి.మీ. ఎఫ్/5.6 కటకాలలో నిక్కార్-డబ్ల్యూ వృత్తం 210 మి.మీ. రోడెన్‌స్టాక్ అపో-సిరోనార్-ఎస్ వృత్తం 231 మి.మీ. 90 మి.మీ. ఎఫ్/8 కటకాలలో ష్నైడర్ సూపర్-అంగులాన్ వృత్తం 216 మి.మీ. కాగా నిక్కార్-ఎస్‌డబ్ల్యూ వృత్తం 235 మి.మీ.

4. ఒక గోపురం, ఒక లెక్క:
ఈ అంకెల అర్థం ఒక ఉదాహరణలో తేటపడుతుంది. 40 మీటర్ల ఎత్తున్న గోపురాన్ని 70 మీటర్ల దూరం నుండి 150 మి.మీ. కటకంతో, 4×5 ఫిల్మును నిలువుగా ఉంచి చిత్రించాలనుకుందాం. కటకం నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉంది. ఫిల్ము నిటారుగా, కెమెరా సమతలంగా ఉన్నాయి.

కటకం మట్టానికి పైన గోపురం 38.5 మీటర్లు. దాని ప్రతిబింబం 38.5×150÷70, అంటే 82.5 మి.మీ. ఫిల్ము సగం ఎత్తు 60 మి.మీ. మాత్రమే. కనుక కదలిక లేకపోతే పైనున్న 22.5 మి.మీ. భాగం, అంటే సుమారు పదిన్నర మీటర్ల గోపురం, చిత్రంలోకి రాదు. ఫిల్ము దిగువ సగమంతా ఖాళీ నేలే పడుతుంది. కెమెరాను పైకి ఎత్తాలన్న ప్రలోభం పుట్టేది ఇక్కడే.

దానికి బదులు కటకాన్ని 30 మి.మీ. పైకి జరిపితే ఫిల్ముపై అక్షానికి పైభాగాన 90 మి.మీ. మేరకు చిత్రం పడుతుంది. గోపురం మొత్తం వచ్చి, కలశాల పైన 7.5 మి.మీ. ఆకాశం మిగులుతుంది. ఇప్పుడు ఫిల్ము దూరపు మూల అక్షం నుండి నిలువుగా 90 మి.మీ., అడ్డంగా 47.5 మి.మీ. దూరంలో ఉంటుంది. పైథాగరస్ సూత్రం ప్రకారం ఆ దూరం 101.8 మి.మీ. అంటే కావలసిన ప్రతిబింబ వృత్తం సుమారు 204 మి.మీ.

210 మి.మీ. వృత్తం గల కటకం ఈ పనికి సరిగ్గా చాలుతుంది. 231 మి.మీ. కటకంలో 45 మి.మీ. వరకు రైజ్‌కు అవకాశం ఉంటుంది. 160 మి.మీ. వృత్తం మాత్రమే గల 150 మి.మీ. పాత కటకం కదలిక లేనప్పుడు ఫిల్మును పూర్తిగా కప్పుతుంది, నాలుగున్నర మి.మీ. కంటె ఎక్కువ రైజ్‌ను మాత్రం సహించదు. అంతకు మించితే పై మూలలు మసకబారి నల్లబడతాయి. నాభ్యంతరం, అపర్చర్ సరిపోయినంత మాత్రాన ఈ రెండు కటకాలూ సమానం కావని దీనివల్ల స్పష్టమవుతుంది.

70 మీటర్ల దూరం దొరకని సన్నిధి వీధిలో 42 మీటర్ల నుండి 90 మి.మీ. కటకంతో చిత్రిస్తే ప్రతిబింబం పరిమాణం అదే, కావలసిన వృత్తమూ అదే. సూపర్-అంగులాన్ 216 మి.మీ. వృత్తం చాలుతుంది. అయితే రెండు మార్పులు గమనించాలి. మొదటిది దృక్కోణం. 70 మీటర్ల నుండి శిఖరాన్ని చూసే కోణం 29 డిగ్రీలు, 42 మీటర్ల నుండి 42 డిగ్రీలకు పైన. దగ్గరి చిత్రంలో ముందుకు పొడుచుకొచ్చిన కపోతాలు పై అంతస్తుల శిల్పాల పాదాలను కప్పివేస్తాయి. రెండవది కాంతి క్షీణత. కొసైన్ నాల్గవ ఘాత సూత్రం ప్రకారం ఆ దూరపు మూలలో 150 మి.మీ. కటకం కేంద్రపు కాంతిలో సగానికి కొంచెం తక్కువను, 90 మి.మీ. కటకం ఐదవ వంతును మాత్రమే ఇస్తాయి. సూపర్-అంగులాన్ తరహా నిర్మాణం ఈ నష్టాన్ని కొంత తగ్గిస్తుంది. మిగిలిన దానికి మధ్యలో ముదురుగా ఉండే సెంటర్ ఫిల్టర్ వాడతారు.

5. కటక నిర్మాణ రకాలు:
పాత కటకం వృత్తం వ్యాసం దానిపై రాసి ఉండదు. నిర్మాణ రకం తెలిస్తే స్థూలంగా అంచనా వేయవచ్చు. 1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ రూపొందించిన పోర్ట్రెయిట్ కటకం కాంతిమంతమైనది, కాని దాని స్పష్టత కేంద్రానికే పరిమితం. వ్యక్తుల చిత్రాలకు అది గుణమే అయినా కట్టడాలకు పనికిరాదు. 1866లో డాల్‌మెయర్ రాపిడ్ రెక్టిలీనియర్, స్టైన్‌హైల్ అప్లనాట్ వెలువడ్డాయి. అపర్చర్‌కు ఇరువైపులా సౌష్ఠవంగా కటకాలను అమర్చడం వల్ల వీటిలో సరళరేఖలు సరళంగానే నిలిచాయి. వాస్తుచిత్రణకు ఇది పెద్ద మలుపు.

1892 నాటి గోయెర్ట్జ్ డాగోర్ చిన్న పరిమాణంలోనే పెద్ద వృత్తాన్ని ఇచ్చింది. 1902లో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన టెస్సార్ స్పష్టతకు పేరు పొందినా వృత్తం పరిమితం. ఆయనే 1918లో తెచ్చిన ప్లాస్మాట్ నిర్మాణం తరువాతి సిమ్మార్, సిరోనార్, నిక్కార్-డబ్ల్యూ కటకాలకు మూలం. పరిశోధకునికి ఇందులో ఉపయోగపడే సూత్రం ఇది: ఒకే నాభ్యంతరంలో టెస్సార్ తరహా కటకం చవకగా దొరికితే దానిని రైజ్ అవసరం లేని పనులకు, ప్లాస్మాట్ తరహాను కట్టడాలకు కేటాయించాలి.

టెస్సార్ తరహా కటకం తామ్రపత్రం వంటి దగ్గరి వస్తువుకు నిరుపయోగం కాదు. అసలు పరిమాణంలో చిత్రించేటప్పుడు బెలోస్ నాభ్యంతరానికి రెట్టింపు సాగుతుంది, ప్రతిబింబ వృత్తమూ రెట్టింపవుతుంది. 160 మి.మీ. వృత్తం అక్కడ 320 మి.మీ. అవుతుంది. ఈ పనికి ప్రత్యేకించినవి రోడెన్‌స్టాక్ అపో-రోనార్, ష్నైడర్ జి-క్లారాన్ వంటి ఎఫ్/9 కటకాలు. ఇవి తేలికైనవి, దగ్గరి దూరాలకు సవరించినవి.

6. టిల్ట్, ఫోకస్ తలం:
గోపురం విషయంలో లోతు స్పష్టత సమస్య కాదు. 150 మి.మీ. కటకాన్ని ఎఫ్/22 వద్ద పది మీటర్లకు ఫోకస్ చేస్తే ఐదు మీటర్ల నుండి అనంతం వరకు స్పష్టంగా వస్తుంది. మండపం నేలపై చెక్కిన శాసనం విషయం వేరు. ముందున్న అక్షరం రెండు మీటర్లలోను, చివరి అక్షరం పది మీటర్లలోను ఉంటుంది.

ఇటువంటి సందర్భానికి సూత్రాన్ని ఆస్ట్రియా సైనికాధికారి థియోడోర్ షైంఫ్లుగ్ 1904లో పేటెంటు పత్రంలో వివరించారు. ఫిల్ము తలం, కటక తలం, వస్తు తలం ఒకే రేఖ వద్ద కలిసినప్పుడు వస్తు తలమంతా స్పష్టంగా వస్తుంది. వాడుకలో దీనిని ఇలా లెక్కిస్తారు: నాభ్యంతరాన్ని, కటకం నుండి నేలకు గల ఎత్తుతో భాగిస్తే టిల్ట్ కోణపు సైన్ విలువ వస్తుంది. 150 మి.మీ. కటకం 1.5 మీటర్ల ఎత్తున ఉంటే ఫలితం 0.1, కోణం 5.7 డిగ్రీలు. ఫిల్మును నిటారుగానే ఉంచి, కటకాన్ని అంత మాత్రం ముందుకు వంచితే నేల అంతా ఫోకస్‌లోకి వస్తుంది. నేల నుండి లేచే స్తంభాల పైభాగం మాత్రం ఫోకస్ తప్పుతుంది. శాసనమూ స్తంభమూ రెండూ కావలసినప్పుడు టిల్ట్ తగ్గించి అపర్చర్‌ను మూయడమే మార్గం.

7. అపర్చర్, ఎక్స్‌పోజర్ సవరణలు:
అపర్చర్ మూసేకొద్దీ లోతు స్పష్టత పెరుగుతుంది, వివర్తనం వల్ల సూక్ష్మ వివరం తగ్గుతుంది. ఎఫ్/22 వద్ద ఒక బిందువు ఫిల్ముపై సుమారు 0.03 మి.మీ. బిళ్ళగా పరుచుకుంటుంది. ఎఫ్/64 వద్ద అది 0.086 మి.మీ. 4×5 నెగటివ్‌ను నాలుగు రెట్లు పెంచితే మొదటిది 0.12 మి.మీ., రెండవది 0.34 మి.మీ. మొదటిది కంటికి పట్టదు, రెండవది పడుతుంది. 1932లో కాలిఫోర్నియాలో ఏర్పడిన ఎఫ్/64 బృందంలోని ఎడ్వర్డ్ వెస్టన్ 8×10 నెగటివ్‌లను పెంచకుండా అదే పరిమాణంలో ముద్రించేవారు. అందువల్ల ఆ అపర్చర్ ఆయనకు నష్టం కలిగించలేదు. పెంచి చదవవలసిన శాసన చిత్రాలకు ఎఫ్/22 నుండి ఎఫ్/32 వరకే తగిన పరిధి.

బెలోస్ సాగినప్పుడు ఫిల్ముపై పడే కాంతి తగ్గుతుంది. బెలోస్ పొడవును నాభ్యంతరంతో భాగించి వర్గం చేస్తే ఎక్స్‌పోజర్ ఎన్ని రెట్లు పెంచాలో తెలుస్తుంది. 150 మి.మీ. కటకానికి బెలోస్ 210 మి.మీ. సాగితే దాదాపు రెండు రెట్లు, 300 మి.మీ. సాగితే నాలుగు రెట్లు. చీకటి మండపాలలో మరొక సవరణ అవసరం. దీర్ఘ ఎక్స్‌పోజర్‌లలో ఫిల్ము స్పందన మందగిస్తుంది. ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్ముకు కొలిచిన కాలాన్ని 1.26 ఘాతానికి హెచ్చించాలి. మీటరు 10 సెకన్లు చూపితే 18 సెకన్లు, 30 సెకన్లు చూపితే దాదాపు 73 సెకన్లు ఇవ్వాలి. బెలోస్ సవరణను ముందుగా చేసి, వచ్చిన కాలానికి ఈ సవరణను వర్తింపజేయాలి.

8. పాత పరికరాల పరీక్ష:
నేడు పెద్ద ఫార్మాట్ కటకాలు ఎక్కువగా వాడినవే దొరుకుతాయి. కొనే ముందు ఈ కింది అంశాలను పరిశీలించాలి.

మొదటిది, షట్టర్. కోపల్ 0, 1, 3 సంఖ్యల షట్టర్లు సాధారణం. వేగవంతమైన కాలాలు కొంత తేడాగా ఉన్నా సర్దుకోవచ్చు. ఒక సెకను, అర సెకను వద్ద మధ్యలో ఆగిపోయే షట్టర్‌ను మాత్రం శుభ్రం చేయించాలి.

రెండవది, గాజు. టార్చి వెలుగులో చూస్తే బూజు దారాలవలె, అతుకు విడిపోవడం అంచుల్లో మెరిసే మరకలవలె కనిపిస్తాయి. కోస్తా తేమలో బూజు త్వరగా వ్యాపిస్తుంది. ముందు గాజుపై సన్నని గీతలకంటె ఇవి ప్రమాదకరం.

మూడవది, బెలోస్. చీకటి గదిలో లోపల టార్చి వెలిగించి బెలోస్‌ను పూర్తిగా సాగదీస్తే మడతల మూలల్లోని సూది రంధ్రాలు బయటపడతాయి. బెలోస్ గరిష్ఠ పొడవునూ కొలవాలి. 300 మి.మీ. మాత్రమే సాగే కెమెరాపై మామూలు 300 మి.మీ. కటకం దూరపు వస్తువులకే ఫోకస్ అవుతుంది.

నాలుగవది, వృత్తం. గ్రౌండ్ గ్లాస్ మూలలు కత్తిరించి ఉంటే, కావలసినంత రైజ్ ఇచ్చి, అపర్చర్‌ను ఎఫ్/22కు మూసి, ఆ ఖాళీ మూల గుండా కటకాన్ని చూడాలి. అపర్చర్ పూర్ణంగా కనిపిస్తే కటకం గొట్టం కాంతిని అడ్డగించడం లేదని అర్థం. సగం కోసినట్లు కనిపిస్తే ఆ మూల నల్లబడుతుంది. ఇది కాంతికి సంబంధించిన పరీక్ష మాత్రమే. స్పష్టతను ఒక పరీక్షా నెగటివ్‌పైనే నిర్ధారించాలి.

వీటికి తోడు దృఢమైన ట్రైపాడ్, రసమట్టం, భూతద్దం, నల్లగుడ్డ, కేబుల్ రిలీజ్ తప్పనిసరి. ఫిల్మును పూర్తి చీకటిలో హోల్డర్లలో ఎక్కించాలి. ఫిల్మును నిలువుగా పట్టుకున్నప్పుడు అంచునున్న గాట్లు పై కుడి మూలలో చేతికి తగిలితే రసాయన పూత ముఖం వైపు ఉన్నట్లు. డార్క్ స్లైడ్ తెల్ల అంచు బయటికి ఉంటే వాడని ఫిల్ము, నల్ల అంచు ఉంటే వాడిన ఫిల్ము అన్నది స్థిరపడిన సంకేతం.

9. క్షేత్ర నమోదు పత్రం:
ఛాయాచిత్రాన్ని కొలతకు ఆధారంగా వాడవచ్చునని గుర్తించి ఆచరణలో పెట్టినవారిలో జర్మన్ వాస్తుశిల్పి ఆల్బ్రెఖ్త్ మైడెన్‌బావర్ ముఖ్యుడు. 1858లో వెట్జ్‌లార్ చర్చిని ఎక్కి కొలిచేటప్పుడు ఆయన పడిపోబోయి తప్పించుకున్నారు. చేతితో కొలిచే బదులు చిత్రంపై కొలవవచ్చునన్న ఆలోచన అక్కడ మొదలైంది. 1885లో ఆయన నాయకత్వాన బెర్లిన్‌లో కట్టడాల కొలత చిత్రాల కోసం ప్రష్యా ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. రెండవ ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న భవనాల పునరుద్ధరణకు ఆ సంస్థ గాజు ఫలకాలు ఉపకరించాయి.

మైడెన్‌బావర్ వాడినవి కొలతకే ప్రత్యేకించిన కెమెరాలు. అంత ఖచ్చితత్వం లేకపోయినా, సాధారణ పెద్ద ఫార్మాట్ చిత్రం నుండి కూడా ఎత్తును రాబట్టవచ్చు. పైన చెప్పిన చిత్రంలో 40 మీటర్ల గోపురం నెగటివ్‌పై 85.7 మి.మీ. ఉంటుంది. దానిని దూరంతో గుణించి నాభ్యంతరంతో భాగిస్తే, 85.7×70÷150, తిరిగి 40 మీటర్లే వస్తుంది. ఇందుకు మూడు నియమాలు ఉన్నాయి. ఫిల్ము నిటారుగా ఉండాలి. దూరం నమోదై ఉండాలి. గోపురం పైకి పోయేకొద్దీ లోపలికి జరుగుతుంది కనుక కలశాల ఎత్తు కోసం దూరాన్ని ముందు గోడకు కాక గోపురం నడిమి తలానికి తీసుకోవాలి.

కాబట్టి ప్రతి నెగటివ్‌కూ ఒక పత్రం ఉండాలి. అందులో తేదీ, వేళ, కెమెరా నిలిపిన చోటు, కట్టడానికి దూరం, కటకం ఎత్తు, నాభ్యంతరం, రైజ్, టిల్ట్, అపర్చర్, ఎక్స్‌పోజర్ కాలం, ఫిల్ము రకం రాయాలి. ఈ పత్రం లేని నెగటివ్ నుండి రూపం తెలుస్తుంది, పరిమాణం తెలియదు.

10. ముగింపు:
కటకం ఎంపిక వస్తువుతో మొదలై, చిత్రించే చోటు, కావలసిన రైజ్, అందుకు చాలిన ప్రతిబింబ వృత్తం అన్న క్రమంలో సాగాలి. నాభ్యంతరం ఆ క్రమంలోనే తేలుతుంది. తక్కిన పరికరాలు దానిని అనుసరిస్తాయి. పెద్ద ఫార్మాట్ అందుబాటులో లేనివారికీ ఈ సూత్రం వర్తిస్తుంది. 35 మి.మీ. డిజిటల్ కెమెరాకు లభించే కానన్ టీఎస్-ఈ 24 మి.మీ. కటకపు రెండవ రూపం 67.2 మి.మీ. వృత్తాన్ని ఇస్తుంది. 43.3 మి.మీ. కర్ణంతో పోల్చితే అందులో రైజ్‌కు ఎంత అవకాశం ఉందో ఇదే పైథాగరస్ లెక్కతో తెలుసుకోవచ్చు.

నేడు నిలిచి ఉన్న గోపురాలలో ఏది రేపు ఉండదో చెప్పలేము. నిటారుగా నిలిపిన ఫిల్ముపై, తగిన వృత్తం గల కటకంతో తీసి, దూరాన్ని పక్కన రాసి పెట్టిన ఒక్క నెగటివ్, ఆ కట్టడాన్ని ఎన్నడూ చూడని పరిశోధకునికి దాని ఎత్తును, నిష్పత్తులను అందించగలదు.